మాట చివర మింగేసే అబ్బాయి

అంబాజీపేట దగ్గర ఒక ఊరి నుంచి ఓ తల్లి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు ఉంది, కుదించి ఇస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఆవిడ భర్త కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. ఇద్దరు పిల్లలు. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. అబ్బాయికి పదిహేనేళ్ళు నిండాయి, ఈ ఏడాది పది పాసయ్యాడు, మార్కులు బాగానే వచ్చాయి. "బాధల్లా వాడి మాటేనండి. తల దించుకుని, పెదాలు కదిలీ కదలకుండా గొణుగుతాడు. మాట మొదలు వినపడుతుంది, చివర నోట్లోనే ఉండిపోతుంది. ఏమన్నావురా అంటే 'ఏం లేదులే' అని లేచి వెళ్ళిపోతాడు. ఆరో తరగతి దాకా ఇలా లేడు, ఈ మూడేళ్ళలో ముదిరింది" అని రాశారు. చిన్నప్పుడు తరచూ జలుబు చేసి చెవి కారేదట.

ఇంట్లో అందరిదీ పెద్ద గొంతే. తండ్రి కాయల రాశుల దగ్గర కూలీలతో మాట్లాడి మాట్లాడి ఇంట్లోనూ అదే గొంతుతో మాట్లాడతారు. బంధువులు అబ్బాయికి 'గొణుగుడు గోపాలం' అని పేరు పెట్టారు. మొన్న కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరూ వచ్చినప్పుడు మేనమామ ఇరవైమంది ముందు మైకు పట్టుకున్నట్టు చెయ్యి చాపి, "ఇప్పుడు గోపాలంగారు ప్రసంగిస్తారు" అన్నాడు. అందరూ నవ్వారు. అబ్బాయి కూడా నవ్వాడు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం తన గదిలోకి తెప్పించుకున్నాడు.

ఆ పైన ఒక గొడవ జరిగింది. లారీ ఆయన ఫోన్ చేసి బండి ఎప్పుడు పంపమంటారని అడిగితే, తండ్రి కాయలు లెక్కపెడుతూ "రేపు వద్దను, ఎల్లుండి పంపమను" అని ఫోన్ అబ్బాయి చేతికిచ్చారు. అబ్బాయి "రేపొద్దండి, ఎల్లుండండి" అన్నాడు. అవతలాయనకి "రేపొద్దున్నండి" అని వినిపించింది. తెల్లారి ఆరింటికి లారీ వచ్చి నిలబడింది. ఇక్కడ కాయ ఒలుపే పూర్తవలేదు. వెయిటింగ్ డబ్బులు కట్టి, కూలీలందరి ముందు తండ్రి నానా మాటలూ అన్నారు. అప్పటి నుంచి అబ్బాయి ఫోన్ ముట్టుకోవడం లేదు.

విజయవాడ హాస్టల్లో పడేస్తే నోరు అదే వస్తుందని తండ్రి అంటున్నారు. అమలాపురంలో స్పోకెన్ ఇంగ్లీషులో చేర్చమని మేనమామ, వస అరగదీసి నాకించమని నాయనమ్మ, నాలుక కింద తీగ కోయించమని పక్కింటావిడ చెబుతున్నారు. ఉత్తరం చివర ఆ తల్లి ఇలా రాశారు: "ఒకరోజు పొద్దున్నే పాకలో వాడి గొంతు వినపడి తడిక వెనక ఆగాను. పెయ్యదూడతో మాట్లాడుతున్నాడు. 'నిన్నంతా నీళ్ళు తాగలేదు, ఇవాళ తాగాల్సిందే, కుదురుగా నిలబడు' అని. ఒక్క అక్షరం పోలేదండి. నాకు ఏడుపొచ్చేసింది. ఇది జబ్బా, సిగ్గా, బద్ధకమా? కాలేజీలో చేర్చడానికి మూడు వారాలే ఉంది."

అమ్మా,

ముందుగా ఒక మాట. ఆ తడిక వెనక మీరు విన్నది అబ్బాయితో ఎప్పుడూ అనకండి. "దూడతో అంత చక్కగా మాట్లాడతావే, మాతో ఏమైంది?" అని ఒక్కసారి అన్నారంటే తనకి మిగిలిన ఆ ఒక్క చోటూ పోతుంది. మీరు చూసింది మాత్రం చాలా విలువైన విషయం. నాలుక, పెదాలు, గొంతు పనిచేస్తున్నాయని దాంతో చాలావరకు తెలిసిపోయింది. ఇంకొకటి కూడా తెలిసింది. దూడ "ఏంటీ?" అనదు, నవ్వదు, తొందరపెట్టదు.

నాలుక తీగ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. నాలుక చివరతో పై పెదవి తడుపుకోగలిగితే, ల, ళ, ణ, ర, డ శుభ్రంగా పలికితే, ఆ తీగ జోలికి వెళ్ళే పనిలేదు. పైగా ఆరో తరగతి దాకా బాగా మాట్లాడిన పిల్లాడికి తీగ ఇప్పుడు కొత్తగా అడ్డుపడదు. వస కూడా వద్దు. అత్తగారి ప్రేమని కాదనను, మన ఇళ్ళలో తరతరాలుగా పసిపిల్లలకి నాకించినదే. కానీ వస కొమ్ములో బీటా అసరోన్ అనే విషపదార్థం ఉంటుంది. దాన్ని తిని తీవ్రంగా వాంతులు పట్టుకుని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. గొణుగుడికి అది మందూ కాదు.

చెవి మాత్రం వదిలేయడానికి లేదు. చిన్నప్పుడు చెవి కారేదని మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నేను అక్కడే ఆగిపోయాను. మీరిప్పుడే రెండు వేళ్ళతో చెవులు గట్టిగా మూసుకుని "ఒకటి, రెండు, మూడు" అనండి. మీ గొంతు మీకే తలలో గింగురుమంటుంది కదా? బయటి శబ్దం తగ్గి, ఎముక గుండా వచ్చే సొంత గొంతు పెద్దగా వినిపించడమే దానికి కారణం. కర్ణభేరికి చిల్లు పడినా, దాని వెనక నీరు చేరినా, చివరికి గులిమి గట్టిగా అడ్డుపడినా ఇలాగే అవుతుంది. అలాంటి పిల్లలు తాము గట్టిగానే మాట్లాడుతున్నామనుకుంటూ మెల్లగా మాట్లాడతారు. 'గట్టిగా మాట్లాడు' అని మనం అరుస్తుంటే వాళ్ళకి మన కోపం తప్ప కారణం అర్థం కాదు.

అందుకని ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి. అమలాపురంలో చూపించవచ్చు, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. డాక్టరు టార్చి వేసి "బాగానే ఉంది" అన్నా సరే, వినికిడి పరీక్ష కూడా చేయించమని అడగండి. హెడ్‌ఫోన్లు పెట్టి సన్నటి బీప్ శబ్దాలు వినిపిస్తారు, వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కర్ణభేరి కదలికని చూసే ఇంకో చిన్న పరీక్షా ఉంటుంది. నొప్పి ఉండదు. ఎప్పుడూ ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకుంటుంటే ఆ సంగతీ చెప్పండి. అబ్బాయికి మాత్రం "నీ మాట బాగాలేదని తీసుకెళ్తున్నాం" అనకండి. చిన్నప్పటి చెవి ఎలా ఉందో ఓసారి చూపిద్దామంటే చాలు, అది అబద్ధమూ కాదు.

చెవి బాగానే ఉందని తేలిందనుకుందాం. అప్పుడు గొంతు మారే వయసు సంగతి చూడాలి. మగపిల్లలకి సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య స్వరపేటిక పెరిగి గొంతు బొంగురుపోతుంది. మాట మధ్యలో కీచుమంటుంది. నలుగురిలో ఒకసారి అలా అయితే, కొందరు పిల్లలు మళ్ళీ కాకుండా గొంతు నొక్కి, నోరు సగమే తెరిచి మాట్లాడడం మొదలుపెడతారు. గొంతు కుదురుకున్నాక కూడా ఆ అలవాటు వదలదు. మీరు రాసిన మూడేళ్ళూ సరిగ్గా ఆ మూడేళ్ళే. ఆ పైన 'గోపాలం' ఒకటి తోడైంది.

ఇక లారీ సంగతి. నేను ముప్పై ఏళ్ళు హైస్కూళ్ళలో తెలుగు చెప్పిన మనిషిని, ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి. మన భాషలో మాట బరువంతా చివరనే ఉంటుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు. ఎవరు వచ్చారన్నది ఆఖరి అక్షరం చెబుతుంది. వస్తానన్నాడా, రానన్నాడా, రమ్మన్నాడా అన్నదీ వాక్యం చివర్లోనే తెలుస్తుంది. మాట చివర మింగేసేవాళ్ళు మన భాషలో అసలు సంగతినే మింగేస్తారు. మొదలంతా వినిపించినా అర్థం చేరదు. పైగా 'రేపొద్దు'కీ 'రేపొద్దున్న'కీ తేడా ఎంత? ఒక్క 'న్న'. ఫోన్లో, ఒలుపు జరుగుతున్న చోట, చక్కగా మాట్లాడేవాళ్ళకైనా ఆ మాట తడబడే అవకాశం ఉంది. తప్పులో సగం ఆ మాటదే. ఈ విషయం మీవారికి చెప్పండి. వీలైతే ఆయన నోటితోనే అబ్బాయికి "అది నా నోట్లోంచి వచ్చినా ఆయనకి అలాగే వినపడేదేమోరా" అని చెప్పించండి. కూలీల ముందు పడ్డ మాటలు వెనక్కి తీసుకోలేరు, ఈ ఒక్క మాట మాత్రం కొంత తగ్గిస్తుంది.

నాకూ ఇలాంటి తప్పు ఒకటి ఉంది. ఒక లంక ఊళ్ళో పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడొకడు చివరి బెంచీలో కూర్చునేవాడు. హాజరు పిలిస్తే పలికేవాడు కాదు. వరసగా మూడు రోజులు ఆబ్సెంట్ వేశాను. నాలుగోరోజు పక్కనున్న పిల్ల లేచి "వాడు రోజూ చెబుతున్నాడండి, మీరే వినట్లేదు" అంది. ఆ మర్నాడు పేరు పిలిచి పెన్ను ఆపి వాడి వైపు చూశాను. పెదాలు కదిలాయి. చూస్తూనే ఉన్నాను. రెండోసారి గాలి వచ్చింది. మూడోసారి 'సెంటండి' అని వినిపించింది. తలూపి తర్వాతి పేరుకి వెళ్ళాను. ఏడాదంతా అంతే చేశాను. పది పూర్తయ్యేసరికి కూడా వాడు మెల్లగానే మాట్లాడేవాడు, కానీ మాట చివరిదాకా వినపడేది. నాకు అదే చాలనిపించింది. మీ అబ్బాయి విషయంలోనూ నేను కోరుకునేది అదే. మీవారంత గొంతు తనకి రావాలని చూడొద్దు. మెల్లగా మాట్లాడే మనిషిగా ఉండే హక్కు తనకుంది.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే అదో ట్యూషన్ అయిపోతుంది. మొదటిది పూర్తిగా మీ పనే. అబ్బాయి మాట్లాడేటప్పుడు చేతిలో పని ఆపి మొహం చూడండి. వినపడకపోతే "ఏంటీ? గట్టిగా చెప్పు" అనే బదులు విన్నంతవరకు తిరిగి చెప్పి, వినపడనిదే అడగండి. "శీనుగాడితో వెళ్ళి... ఎక్కడికన్నావు?" అంటే తను ఒక్క మాట చెబితే సరిపోతుంది. మొత్తం మళ్ళీ చెప్పాలంటేనే పిల్లలు "ఏం లేదులే" అంటారు. తన బదులు అక్కని సమాధానం చెప్పనివ్వకండి, మీరూ చెప్పకండి. తల్లికి అది అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు.

రెండోది తను ఒప్పుకుంటేనే. రోజూ అయిదు నిమిషాలు పేపర్లో క్రికెట్ వార్తో, తనకిష్టమైన ఇంకోటో పైకి చదవడం. గట్టిగా చదవక్కర్లేదు. రెండు నియమాలు పెట్టుకుంటే చాలు: మాట ఆఖరి అచ్చు దాకా పలకాలి, దీర్ఘాన్ని దీర్ఘంగా, ఒత్తుని ఒత్తుగా పలకాలి. మేడ కాస్తా మెడ అయిపోకూడదు, గుడ్డి కాస్తా గుడి అయిపోకూడదు. దీర్ఘాలు, ఒత్తులు పూర్తిగా పలికితే వేగం దానంతటదే తగ్గుతుంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఫోన్లో రికార్డు చేసుకుని తనే వినాలి, తనే తుడిపేయాలి. మీరు అడగకూడదు. నోట్లో పెన్సిలు, గులకరాళ్ళు పెట్టుకుని చదవమనే చిట్కాలు ఇంటర్నెట్లో కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్ళకండి.

మూడోది నాకు ఇష్టమైనది. ఒకరోజు మీరూ అబ్బాయీ ఇద్దరూ అంతర్వేది వెళ్ళి, సఖినేటిపల్లి రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కి నరసాపురం దాటండి. ఇంజను మోతలో మామూలు కబుర్లు చెప్పుకోండి, టిఫిన్ ఎక్కడ చేద్దాం, ఎన్నింటికి తిరిగొద్దాం అని. చుట్టూ మోత ఉంటే మనిషి గొంతు తనకి తెలియకుండానే పెరుగుతుంది. లాంబార్డ్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు 1911లోనే ఈ సంగతి రాశాడు. గట్టిగా మాట్లాడమని ఎవరూ చెప్పకుండానే తన గొంతు వశిష్ట గోదావరి మధ్యలో తనకే వినిపిస్తుంది. ఆ రోజు దాని గురించి ఒక్క మాటా అనకండి. అట్లు తిని వచ్చేయండి.

ఒకటి రెండు నెలలు ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయేంత వేగం ఉన్నా, అక్షరం దగ్గర నత్తిలా ఆగుతున్నా, గొంతు ఇంకా చిన్నపిల్లాడిలా సన్నగానే ఉన్నా స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంటుంది. బోర్డు చూసి వెళ్ళకండి. బీఏఎస్ఎల్‌పీ అనే మాట, వినికిడి వైద్యపు డిగ్రీ గానీ అంతకు పైది గానీ చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యారా అని నిస్సంకోచంగా అడగండి. వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున కొన్ని నెలలు తిరగాల్సి రావచ్చు. అబ్బాయికి ఇష్టం లేకుండా తీసుకెళ్తే అక్కడా తల దించుకునే కూర్చుంటాడు, డబ్బులూ రోజులూ పోతాయి. ఒక్కసారి వెళ్ళి చూద్దాం, నచ్చకపోతే రెండోసారి వద్దు అని ముందే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

మాట ఉన్నట్టుండి ముద్దగా మారినా, మింగడం కష్టమైనా, నీళ్ళు ముక్కులోంచి వచ్చినా అది వేరే విషయం, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నిద్ర, తిండి తగ్గిపోయి, స్నేహితుల్ని కూడా మానేసి, దూడ దగ్గరికి కూడా వెళ్ళడం లేదంటే మనసు సంగతి చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ 14416 టెలీ మానస్‌కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి అడగవచ్చు.

హాస్టల్ గురించి. కొందరు పిల్లలు నిజంగానే అక్కడ విచ్చుకుంటారు. 'గోపాలం' అనే పేరు తెలియని కొత్త పిల్లలు, కొత్త మొదలు, ఆ మేలు ఉంది. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు ఉండే చోట మాట్లాడక్కర్లేకుండానే రెండేళ్ళు గడిపేయవచ్చు. ఒంట్లో బాగాలేకపోయినా, ఎవరైనా ఏడిపిస్తున్నా వార్డెన్‌కి చెప్పుకోలేని పిల్లాడిని నోరు రావడానికని పంపితే ఆ రిస్కు చిన్నదేమీ కాదు. శిక్షగా పంపారని తను అనుకుంటే మీతో ఉన్న ఆ నాలుగు మాటలూ పోతాయి. అమలాపురంలో చదివితే రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు, చెవికి వైద్యం అవసరమైతే దగ్గరుండి చేయించవచ్చు. కానీ ఆ ఇల్లు, ఆ బంధువులు, ఆ వెటకారం అలాగే ఉంటాయి. ఇక్కడ ఉంచితే ఇంట్లో మార్పు రావాలి, లేకపోతే ఉంచి లాభం లేదు. నా మనసు ఎటంటే, కనీసం ఈ ఏడాది దగ్గరే ఉంచమంటాను. తనే హాస్టల్ కావాలంటే మాత్రం ఆపకండి. స్పోకెన్ ఇంగ్లీషు ఇప్పుడే వద్దు. తెలుగులోనే నలుగురిలో నోరు తెరవడానికి భయపడుతున్న పిల్లాడిని రాని భాషలో నలుగురి ముందు నిలబెట్టడం అవుతుంది.

మేనమామగారు మీ అన్నయ్యో తమ్ముడో, ఆయనకి ఒక ఫోన్ చేయండి. మన గోదావరి జిల్లాల్లో వెటకారం ప్రేమతోనే వస్తుంది, ఆయనకి మేనల్లుడంటే ప్రాణం అయ్యుండవచ్చు. అందుకే ఆయన వింటారు. "అన్నం గదిలోకి తెప్పించుకున్నాడు రెండు రోజులు" అని జరిగింది జరిగినట్టు చెప్పండి, కోప్పడక్కర్లేదు. ఆ పేరు మీ ఇంట్లో ఇక వినపడకూడదని మాత్రం గట్టిగానే చెప్పండి.

కాలేజీకి మూడు వారాలుందన్నారు. విజయవాడని తండ్రి, అమలాపురమని నేను, స్పోకెన్ ఇంగ్లీషని మేనమామ, ఇందరం చెప్పాం. తనకి ఎక్కడ చదవాలనుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒక సాయంత్రం మీరిద్దరే ఉన్నప్పుడు, పాకలో పని చేసుకుంటూ అడగండి. వెంటనే చెప్పకపోవచ్చు. "ఆలోచించి చెప్పు" అని వదిలేయకండి, మీరే చెప్పేయకండి. దూడకి గడ్డి వేస్తూ అక్కడే ఉండండి. గొణిగినా సరే, చివరి అక్షరం దాకా వినండి.